చైన్ సాలో లీటరు పెట్రోల్‌కు ఎంత ఆయిల్ కలపాలి? 25:1 అంటే 25 ఎంఎల్ కాదు.. ఈ లెక్క తప్పితే ఇంజన్ పట్టేస్తుంది!

చెట్లు కోసే చైన్ సా మిషన్ ఇప్పుడు పల్లెల్లో మామూలు వస్తువు అయిపోయింది. మార్కాపురం, గిద్దలూరు, కంభం, బేస్తవారిపేట, యర్రగొండపాలెం వైపు సుబాబుల్, జామాయిల్ తోటలు నరికే ముఠాల దగ్గర, సర్కారు తుమ్మ కొట్టి బొగ్గు కాల్చేవాళ్ల దగ్గర, కట్టె అడితీల్లో ఇది లేకపోతే పని నడవదు. అయితే మిషన్ కొన్న కొన్నాళ్లకే "ఇంజన్ పట్టేసింది", "తాడు లాగితే కదలడం లేదు", "పిస్టన్ మీద గీతలు పడ్డాయి" అంటూ షాపుకు తెచ్చేవాళ్లూ ఎక్కువే. చాలాసార్లు కారణం మిషన్ కాదు. పెట్రోల్‌లో కలిపిన ఆయిల్.

ఎంత కలపాలి? ఏ ఆయిల్ కలపాలి? బైక్ 2టీ ఆయిల్ పనికొస్తుందా? ఇప్పుడు వస్తున్న ఈ20 పెట్రోల్‌తో ఇబ్బంది ఉందా? వివరంగా చూద్దాం.

అసలు పెట్రోల్‌లో ఆయిల్ ఎందుకు కలపాలి?

మనం వాడే బైకులు, కార్లలో ఇంజన్ ఆయిల్‌కు వేరే గది ఉంటుంది. అక్కడి నుంచి ఆయిల్ పైకి తిరుగుతూ పిస్టన్, బేరింగులను తడుపుతుంది. చైన్ సాలో ఉండే టూ స్ట్రోక్ ఇంజన్‌కు ఆ గది లేదు. పెట్రోల్, గాలి కలిసిన ఆవిరి ముందుగా క్రాంక్ ఉన్న గదిలోకి వెళ్లి, అక్కడి నుంచి సిలిండర్‌లోకి వస్తుంది. ఆ ఆవిరిలో ఉన్న ఆయిలే బేరింగులకు, పిస్టన్‌కు, సిలిండర్ గోడకు నునుపు ఇస్తుంది. తర్వాత పెట్రోల్‌తో పాటే కాలిపోయి సైలెన్సర్ గుండా బయటకు పోతుంది.

పాత చేతక్ స్కూటర్, రాజ్‌దూత్ నడిపిన వాళ్లకు ఈ సంగతి కొత్త కాదు. బంకులో పెట్రోల్‌తో పాటు ఆయిల్ కూడా కొట్టించుకునేవాళ్లు. కానీ స్కూటర్‌కు, చైన్ సాకు చాలా తేడా ఉంది. చైన్ సా ఇంజన్ ఫుల్ రేజ్‌లో నిమిషానికి 10 వేల చుట్లకు పైగా తిరుగుతుంది. టూ స్ట్రోక్‌లో ప్రతి చుట్టుకూ ఒకసారి పెట్రోల్ మండుతుంది. అంటే సెకనుకు 160 సార్లకు పైనే. పైగా ఇది ఎదురుగాలిలో పరుగెత్తే బండి కాదు. ఉన్నచోటే ఉండి, సొంత ఫ్యాన్ గాలితోనే చల్లబడాలి. ఆ వేడిలో ఆయిల్ పొర కొన్ని క్షణాలు తెగినా పిస్టన్ సిలిండర్‌ను గీరేస్తుంది.

50:1, 25:1 అంటే ఏంటి? చాలామంది పొరపడేది ఇక్కడే

50:1 అంటే 50 భాగాల పెట్రోల్‌కు 1 భాగం ఆయిల్. కొన్ని కంపెనీలు దీన్నే 1:50 అని, ఇంకొన్ని 2 శాతం అని రాస్తాయి. మూడూ ఒకటే. అలాగే 25:1 అంటే 25 భాగాల పెట్రోల్‌కు 1 భాగం ఆయిల్, అంటే 4 శాతం.

ఇక్కడే పెద్ద తికమక. 25:1 అని మిషన్ మీద చూసి లీటరుకు 25 ఎంఎల్ పోసేవాళ్లున్నారు. అది తప్పు. 25:1కి లీటరుకు 40 ఎంఎల్ కావాలి. 25 ఎంఎల్ పోస్తే అది 40:1 అవుతుంది, అంటే కావాల్సిన దాని కంటే మూడో వంతుకు పైగా తక్కువ. అలాగే 50:1 అంటే 50 ఎంఎల్ అనుకునేవాళ్లూ ఉన్నారు. 50:1కి 20 ఎంఎల్ చాలు. 50 ఎంఎల్ పోస్తే అది 20:1 అయిపోయి పొగ కమ్మేస్తుంది.

ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. నిష్పత్తిలో మొదటి నంబర్ పెరిగేకొద్దీ ఆయిల్ తగ్గుతుంది. 1000ని ఆ నంబర్‌తో భాగిస్తే లీటరుకు ఎన్ని ఎంఎల్ పోయాలో వచ్చేస్తుంది.

ఈ లెక్కను స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి:

50:1 – 1 లీటరుకు 20 ఎంఎల్, 2 లీటర్లకు 40 ఎంఎల్, 5 లీటర్లకు 100 ఎంఎల్
40:1 – 1 లీటరుకు 25 ఎంఎల్, 2 లీటర్లకు 50 ఎంఎల్, 5 లీటర్లకు 125 ఎంఎల్
33:1 – 1 లీటరుకు 30 ఎంఎల్, 2 లీటర్లకు 60 ఎంఎల్, 5 లీటర్లకు 150 ఎంఎల్
25:1 – 1 లీటరుకు 40 ఎంఎల్, 2 లీటర్లకు 80 ఎంఎల్, 5 లీటర్లకు 200 ఎంఎల్

రూపాయల్లో పెట్రోల్ కొట్టిస్తే లెక్క మారిపోతుంది

బంకులో మనం అడిగేది లీటర్లలో కాదు, రూపాయల్లో. "200కి కొట్టు" అంటాం. ఆ క్యాన్‌లోకి వచ్చింది రెండు లీటర్లే అనుకుని ఆయిల్ పోసేస్తాం. పెట్రోల్ లీటరు 110 రూపాయలు అనుకుంటే 200 రూపాయలకు వచ్చేది 1.8 లీటర్లు. 50:1కి అయితే 36 ఎంఎల్ ఆయిల్ చాలు. 500 రూపాయలకు కొట్టిస్తే నాలుగున్నర లీటర్లు, ఆయిల్ 90 ఎంఎల్. కాబట్టి ఆయిల్ కలిపే క్యాన్‌కు మాత్రం "రెండు లీటర్లు", "ఐదు లీటర్లు" అని లీటర్లలోనే అడగండి. లేదంటే పంపు మీటర్ మీద లీటర్లు ఎంత చూపించిందో చూసుకోండి.

ఆయిల్ కొలవడానికి మూత లెక్క, గుక్క లెక్క వద్దు. ఒక్కో డబ్బా మూత ఒక్కో సైజులో ఉంటుంది. మెడికల్ షాపులో దొరికే 20 ఎంఎల్ లేదా 50 ఎంఎల్ సిరంజి ఒకటి తెచ్చుకోండి. సూది అక్కర్లేదు. కొన్ని రూపాయల సిరంజి వేల రూపాయల సిలిండర్‌ను కాపాడుతుంది.

ఏ మిషన్‌కు ఏ నిష్పత్తి?

అందరికీ ఒకటే నంబర్ లేదు. నిష్పత్తి అనేది మిషన్, ఆయిల్.. ఈ రెండింటి జతకు చెందినది. ఒకే మిషన్‌కు ఆయిల్ మారితే నిష్పత్తి కూడా మారవచ్చు. పెద్ద కంపెనీల మాన్యువల్స్ చూస్తే ఇది అర్థమవుతుంది.

స్టిల్: తమ సొంత టూ స్ట్రోక్ ఆయిల్ వాడితే 50:1. వేరే కంపెనీ ఆయిల్ వాడితే 25:1 అని వాళ్ల పాత మాన్యువల్స్ చెబుతాయి.

హస్క్‌వర్నా: తమ ఆయిల్‌తో 50:1. గాలితో చల్లబడే టూ స్ట్రోక్ ఇంజన్లకు తయారైన ఇతర ఆయిల్ అయితే 33:1 అని చాలా మోడళ్ల మాన్యువల్స్‌లో ఉంటుంది.

తక్కువ ధరకు వచ్చే 52 సీసీ, 58 సీసీ మిషన్లు: చాలావాటి మీద 25:1 అనే ఉంటుంది. పెట్రోల్ మూత మీద, ట్యాంకు పక్కన స్టిక్కర్ మీద చూడండి.

ఇక్కడ జరిగే పొరపాటు ఇదీ. "స్టిల్‌కు 50:1" అన్న మాట ఒక్కటే ఊరంతా తిరుగుతుంది. ఆ మాట వెనక ఉన్న "మా ఆయిల్ వాడితే" అన్న షరతు మాత్రం ఎక్కడో పడిపోతుంది. ఎవరో పెద్ద కంపెనీ మిషన్‌లో 20 ఎంఎల్ పోయడం చూసి, 25:1 రాసి ఉన్న చిన్న మిషన్‌లో, అదీ లూజ్ ఆయిల్‌తో, అదే 20 ఎంఎల్ పోస్తే ఆ ఇంజన్‌కు అందేది సగం ఆయిలే.

సెకండ్ హ్యాండ్ మిషన్.. మాన్యువల్ లేదు. ఏం చేయాలి?

ముఠాల్లో చాలా మిషన్లు చేతులు మారినవే. పుస్తకం ఉండదు, స్టిక్కర్ చెరిగిపోయి ఉంటుంది. ముందు మోడల్ నంబర్ ప్లేట్ వెతకండి. నంబర్ దొరికితే కంపెనీ మాన్యువల్ ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. అదీ దొరక్కపోతే మంచి గ్రేడ్ ఆయిల్‌తో 25:1 దగ్గర మొదలుపెట్టి, మెకానిక్‌తో కార్బొరేటర్ సరిచేయించుకోవడం మేలు.

ఎందుకంటే రెండు తప్పులూ సమానం కావు. ఆయిల్ కాస్త ఎక్కువైతే పొగ వస్తుంది, ప్లగ్గు నల్లబడుతుంది, సైలెన్సర్ జాలీలో మసి పేరుకుంటుంది. ఇవన్నీ తుడిస్తే పోయేవి. ఆయిల్ తక్కువైతే పిస్టన్, సిలిండర్ పోతాయి. అవి తుడిస్తే వచ్చేవి కావు.

ఆయిల్ డబ్బా మీద ఏం చూడాలి?

ధర, రంగు చూసి కొనకండి. ఆయిల్‌కు వేసే ఎరుపు, నీలం, ఆకుపచ్చ రంగులు పెట్రోల్‌లో కలిపారో లేదో గుర్తుపట్టడానికి మాత్రమే. నాణ్యతకూ రంగుకూ సంబంధం లేదు. డబ్బా వెనక ఉండే ఈ అక్షరాలు చూడండి.

జాసో: ఇది జపాన్ ప్రమాణం. ఎఫ్‌బీ, ఎఫ్‌సీ, ఎఫ్‌డీ అని గ్రేడ్లు ఉంటాయి. నునుపు విషయంలో ఈ మూడూ దాటాల్సిన కనీస గీత ఒకటే. తేడా అంతా శుభ్రతలో. ఎఫ్‌సీ ఆయిల్ ఎఫ్‌బీ కంటే పొగ తక్కువ ఇస్తుంది, సైలెన్సర్ దారిలో మసి తక్కువ పడుతుంది. ఎఫ్‌డీ అయితే పొగ తక్కువతో పాటు, ఎక్కువ వేడిలో కూడా పిస్టన్‌ను, రింగులను శుభ్రంగా ఉంచుతుంది. రోజంతా నడిచే మిషన్‌కు ఎఫ్‌డీ మంచిది. కనీసం ఎఫ్‌సీ ఉండేలా చూసుకోండి.

ఐఎస్ఓ: ఇదే వరుసలో ఈజీబీ, ఈజీసీ, ఈజీడీ అని రాస్తారు. ఈజీడీ పై గ్రేడ్.

ఏపీఐ టీసీ: వేడెక్కే టూ స్ట్రోక్ ఇంజన్లకు ఇచ్చే అమెరికా గుర్తింపు. జాసో అక్షరాలతో పాటు ఇది కూడా ఉంటే మంచిదే.

టీసీ-డబ్ల్యూ3: ఇది కనిపిస్తే చైన్ సాకు వద్దు. నీళ్లతో చల్లబడే పడవ మోటార్ల కోసం తయారైన ఆయిల్ ఇది. వాటి ఇంజన్లు చైన్ సా అంత వేడెక్కవు.

బైక్ 2టీ ఆయిల్ పోయొచ్చా?

పాత టూ స్ట్రోక్ బైకులు, ఆటోల కోసం అమ్మే 2టీ ఆయిల్ కూడా గాలితో చల్లబడే ఇంజన్ల కోసమే. సీలు ఉన్న డబ్బాలో, జాసో ఎఫ్‌సీ లేదా ఎఫ్‌డీ గుర్తుతో ఉంటే వాడొచ్చు. అయితే దానికి 50:1 పట్టుకోకండి. "ఇతర ఆయిల్ వాడితే" అని మీ మాన్యువల్‌లో ఏ నిష్పత్తి ఉందో అదే పాటించండి.

లూజ్ ఆయిల్ మాత్రం వద్దు. అందులో ఏముందో అమ్మేవాళ్లకు కూడా తెలియకపోవచ్చు. లూజ్ 2టీ ఆయిల్ వల్ల పొగ ఎంత పెరిగిందంటే, 1998లో సుప్రీంకోర్టు ఢిల్లీలో పెట్రోల్ బంకులు, గ్యారేజీల్లో దాని అమ్మకాన్నే నిలిపేయమని ఆదేశించింది. అప్పటి గొడవ ఊపిరితిత్తుల గురించి. ఇప్పుడు చైన్ సా పట్టుకున్న మనిషికి ఊపిరీ, ఇంజనూ రెండూ ముఖ్యమే. సైలెన్సర్ పొగ వచ్చేది ముఖం ముందే కదా.

ఇవి పొరపాటున కూడా కలపొద్దు

బైక్ ఇంజన్ ఆయిల్: 20డబ్ల్యూ40, 10డబ్ల్యూ30 లాంటి ఫోర్ స్ట్రోక్ ఆయిల్స్ ఇంజన్‌లో తిరుగుతూ ఉండటానికి చేసినవి, కాలిపోవడానికి కాదు. కాలితే బూడిద మిగులుతుంది. ప్లగ్గు, రింగులు పాడవుతాయి.

కాలిన ఆయిల్: సర్వీసింగ్‌లో తీసేసిన నల్ల ఆయిల్‌లో ఇనుప రజను, మసి ఉంటాయి. పెట్రోల్‌లోకి అసలే వద్దు. చైన్ ఆయిల్ ట్యాంకులో కూడా వద్దు. ఆయిల్ పంపు, బార్ త్వరగా అరిగిపోతాయి.

చైన్ ఆయిల్: చైన్ సాకు రెండు ట్యాంకులుంటాయి. ఒకటి పెట్రోల్ మిశ్రమానికి, ఇంకోటి చైన్, బార్ తడిపే ఆయిల్‌కు. చైన్ ఆయిల్ జిగటగా ఉంటుంది. పెట్రోల్‌లో కలపడానికి పనికిరాదు. కొత్తగా పనిలో చేరిన కుర్రాళ్లకు ఏ మూత దేనిదో ముందే చూపించండి.

"ఆయిల్ కాస్త ఎక్కువేస్తే ఇంజన్ చల్లగా ఉంటుంది" నిజమేనా?

సగమే నిజం. ఆయిల్ పెరిగితే నునుపు పెరుగుతుంది. కానీ ఇంకో సంగతి ఉంది. కార్బొరేటర్ కొలిచి పంపేది మొత్తం ద్రవాన్ని. అందులో ఆయిల్ వాటా పెరిగితే పెట్రోల్ వాటా తగ్గుతుంది. 50:1లో పెట్రోల్ 98 శాతం. 25:1లో 96 శాతం. అంటే స్క్రూలు ముట్టుకోకుండా ఆయిల్ రెట్టింపు చేస్తే ఇంజన్‌కు పెట్రోల్ కొంచెం తగ్గి, గాలి వాటా కొంచెం ఎక్కువవుతుంది. గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ అయితే మంట వేడెక్కుతుంది.

కాబట్టి నిష్పత్తి మార్చినప్పుడల్లా కార్బొరేటర్ ఒకసారి చూపించుకోవాలి. అన్నిటికన్నా మంచి పని.. ఒక ఆయిల్, ఒక నిష్పత్తి ఎంచుకుని దాని మీదే నిలబడటం. ఈ వారం ఇది, వచ్చే వారం అది అని మార్చుకుంటూ పోతే మెకానిక్ ఎన్నిసార్లు సెట్ చేసినా నిలవదు.

ఈ20 పెట్రోల్‌తో కొత్త చిక్కు

మన దేశంలో 20 శాతం ఎథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్ అమ్మకాలు 2023 ఫిబ్రవరిలో మొదలయ్యాయి. ఇప్పుడు మామూలు బంకుల్లో దొరికేది దాదాపు ఇదే. బైకులు, కార్ల గురించి చాలా చర్చ జరిగింది కానీ, చైన్ సా, పవర్ స్ప్రేయర్, గడ్డి కోసే మిషన్ల గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. ఈ చిన్న ఇంజన్లకే దెబ్బ ఎక్కువ. కారణాలు మూడు.

ఒకటి, ఎథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది. అదే కార్బొరేటర్ సెట్టింగ్‌తో నడిపితే గాలి ఎక్కువైనట్టు లెక్క. ఇంజన్ వేడెక్కుతుంది. కొత్త బైకులు, కార్లలో కంప్యూటర్ దీన్ని సర్దుకుంటుంది. చేత్తో స్క్రూ తిప్పే చైన్ సాలో ఎవరూ సర్దరు. స్క్రూతో సెట్ చేసే కార్బొరేటర్ ఉన్న మోడళ్లలో ఎథనాల్ 10 శాతం దాటితే నడకలో ఇబ్బంది రావచ్చని స్టిల్ మాన్యువల్స్ చెబుతాయి. ఎం-ట్రానిక్ అనే ఎలక్ట్రానిక్ వ్యవస్థ ఉన్న మోడళ్లు మాత్రం 27 శాతం వరకు తట్టుకుంటాయి.

రెండు, ఎథనాల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. నీళ్లు మరీ ఎక్కువ చేరితే ఎథనాల్, నీళ్లు కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుగుకు చేరతాయి. మనం కలిపిన ఆయిల్ పై పొరలో పెట్రోల్‌తోనే ఉండిపోతుంది. చైన్ సా ట్యాంకులో ఫిల్టర్ ఉండేది అడుగునే. అంటే ముందుగా ఇంజన్‌లోకి వెళ్లేది ఆయిల్ లేని ఆ నీళ్ల పొరే. మీరు లెక్క ప్రకారం 20 ఎంఎల్ పోసినా ఆ కాసేపు ఇంజన్‌కు అందేది దాదాపు సున్నా.

మూడు, పాత మిషన్లలో పెట్రోల్ పైపు, కార్బొరేటర్ లోపలి రబ్బరు పొరలు ఎథనాల్‌కు గట్టిపడటం, ఉబ్బడం జరుగుతుంది.

మరి ఏం చేయాలి? బంకులో పెట్రోల్ మార్చడం మన చేతిలో లేదు. ప్రీమియం అని రాసి ఉన్నంత మాత్రాన ఎథనాల్ లేనట్టు కాదు, అడిగి తెలుసుకోండి. మన చేతిలో ఉన్నవి ఇవే: కొద్దికొద్దిగా కొనడం, త్వరగా వాడేయడం, మూత గట్టిగా పెట్టడం, కార్బొరేటర్‌ను ఇప్పుడు వాడుతున్న పెట్రోల్‌కు తగ్గట్టు సెట్ చేయించడం, పైపు గట్టిపడితే మార్చేయడం. ఇంకో మాట. ఈ20కి ఆయిల్ పెంచితే సమస్య తీరదు. అక్కడ సరిచేయాల్సింది ఆయిల్ కాదు, స్క్రూ.

మన ఎండలో క్యాన్ ఎక్కడ పెడుతున్నారు?

పశ్చిమ ప్రకాశం ఎండ సంగతి చెప్పక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం మామూలే. తోటలో పొద్దున పెట్టిన క్యాన్ మధ్యాహ్నానికి ముట్టుకోలేనంత కాగుతుంది. పెట్రోల్‌లో తేలికైన భాగం ముందు ఆవిరై పోతుంది. మిగిలింది చిక్కబడి, స్టార్టింగ్ మొండికేస్తుంది. కలిపిన పెట్రోల్‌ను 30 రోజులకు మించి ఉంచొద్దని తయారీ కంపెనీలు చెబుతాయి. ఎండలో ఉంచితే అంతకంటే ముందే పాడవుతుంది. మన దగ్గర ఎండాకాలంలో వారం, పది రోజుల్లో అయిపోయేంత మాత్రమే కలుపుకోవడం మంచిది.

క్యాన్‌ను చెట్టు నీడన, తడి గోనెసంచి కప్పి పెట్టండి. నీళ్ల బాటిల్, కూల్ డ్రింక్ బాటిల్‌లో పెట్రోల్ పోయించుకోవడం ప్రమాదం. పెట్రోల్‌కు తయారైన క్యాన్ వాడండి. దాహంతో ఎవరైనా నీళ్లనుకుని తాగే ప్రమాదం కూడా ఉంది.

సరిగ్గా కలిపే పద్ధతి.. స్టెప్ బై స్టెప్

1. శుభ్రమైన, పొడి క్యాన్ తీసుకోండి. అడుగున నీళ్లు, మట్టి లేకుండా చూడండి.
2. కావాల్సిన పెట్రోల్‌లో సగం ముందు పోయండి.
3. సిరంజితో కొలిచిన ఆయిల్ మొత్తం అందులో వేయండి.
4. మూత పెట్టి బాగా కుదపండి.
5. మిగతా పెట్రోల్ పోసి మళ్లీ కుదపండి.
6. క్యాన్ మీద మార్కర్‌తో నిష్పత్తి, కలిపిన తేదీ రాయండి.
7. మిషన్‌లో పోసే ప్రతిసారీ ఇంకోసారి కుదిపి పోయండి.

పెట్రోల్ ట్యాంకులోనే నేరుగా ఆయిల్ పోసి మిషన్‌ను ఊపడం చాలాచోట్ల కనిపిస్తుంది. చిన్న ట్యాంకులో కొలత కుదరదు, సరిగ్గా కలవదు. ఆ పద్ధతి వదిలేయండి.

ఇంట్లో చైన్ సాతో పాటు మిర్చి, పత్తి చేలకు వాడే పవర్ స్ప్రేయర్ కూడా ఉందా? రెండింటి నిష్పత్తి వేరైతే రెండు క్యాన్లు పెట్టుకోండి. రంగు పెయింట్‌తో గుర్తు వేసుకోండి. స్ప్రేయర్ ఫోర్ స్ట్రోక్ అయితే దానికి ఆయిల్ కలిపిన పెట్రోల్ పోయకూడదు.

మిషన్ ముందే చెబుతుంది.. ఈ గుర్తులు చూడండి

ఆయిల్ తక్కువైనా, పెట్రోల్ అందకపోయినా: రేజ్ ఇచ్చినప్పుడు మామూలు కంటే సన్నగా, కీచుమని అరుస్తుంది. రేజ్ వదిలినా వెంటనే దిగదు. వేడెక్కి బలం తగ్గుతుంది. ప్లగ్గు తీసి చూస్తే తెల్లగా ఉంటుంది. ఇలా ఉంటే పని ఆపేయండి. "ఈ ఒక్క చెట్టు కోసేసి చూద్దాం" అన్నప్పుడే ఇంజన్ పట్టేస్తుంది.

ఆయిల్ ఎక్కువైతే: నీలం పొగ, సైలెన్సర్ దగ్గర జిడ్డు, ప్లగ్గు నల్లగా తడిగా ఉండటం, కొన్ని రోజులకు బలం తగ్గడం. సైలెన్సర్ జాలీ విప్పి శుభ్రం చేస్తే చాలాసార్లు బలం తిరిగి వస్తుంది.

అంతా సరిగ్గా ఉంటే: ప్లగ్గు కాఫీ పొడి రంగులో ఉంటుంది. కర్ర మీద పెట్టకుండా ఫుల్ రేజ్ ఇస్తే కాస్త గరగరమని, కర్రలో దిగగానే ఆ గరగర పోయి సాఫీగా నడుస్తుంది.

ఇంకోటి. ఎయిర్ ఫిల్టర్ పొట్టుతో నిండినా, కార్బొరేటర్ దగ్గర గాలి లీకైనా ఇలాంటి గుర్తులే వస్తాయి. అందుకే ఆయిల్ మార్చే ముందు ఫిల్టర్ దులిపి చూడండి.

ఆయిల్‌లో మిగిలేది ఎంత? పోయేది ఎంత?

లీటరు మంచి ఆయిల్ 500 రూపాయలు అనుకుందాం. 50:1లో లీటరు పెట్రోల్‌కు పడేది 10 రూపాయల ఆయిల్. 25:1లో 20 రూపాయలు. సగం ధర లూజ్ ఆయిల్ వాడితే లీటరుకు మిగిలేది 5 నుంచి 10 రూపాయలు. పిస్టన్, సిలిండర్ కిట్ మార్చాల్సి వస్తే ఖర్చు వేలల్లో. దానికి తోడు సామాను వచ్చేవరకు ముఠా మొత్తం ఖాళీ. తోట కోసేవాళ్లకు కూలీ టన్ను లెక్కన వస్తుంది. మిషన్ ఆగితే ఆ రోజు టన్నులు లేవు, కూలీ లేదు. మిషన్ అద్దెకు తెచ్చుకున్నవాళ్లకైతే ఓనర్‌తో గొడవ అదనం. ఆయిల్ డబ్బాను ఈ లెక్కలో పెట్టి చూడండి.

పెట్రోల్ పోసేటప్పుడు ఈ జాగ్రత్తలు తప్పనిసరి

నల్లమల అంచు మండలాల్లో ఎండాకాలం గడ్డి అగ్గిపుల్లకు సిద్ధంగా ఉంటుంది. ఇంజన్ ఆపి, కాసేపు చల్లబడ్డాకే పెట్రోల్ పోయండి. గడ్డి లేని మట్టి నేల మీద పోయండి. ఒలికితే తుడవండి. పోసిన చోట స్టార్ట్ చేయకుండా కనీసం 3 మీటర్లు, అంటే పది అడుగులు జరిగి స్టార్ట్ చేయండి. బీడీ, సిగరెట్ దగ్గర్లో కూడా వద్దు. వేడి సైలెన్సర్‌ను ఎండు గడ్డి మీద పెట్టకండి.

ఇంకో విషయం. సొంత పొలంలో చెట్టు అయినా సరే, 2002 నాటి వాల్టా చట్టం కింద నరకడానికి అనుమతి అవసరం కావచ్చు. ఏ చెట్టుకు కావాలి, ఏ చెట్టుకు అక్కర్లేదు అన్నది మిషన్ బయటికి తీసేముందే అటవీ శాఖ ఆఫీసులో అడగండి. రిజర్వ్ ఫారెస్ట్‌లోకి చైన్ సాతో వెళితే కేసు తప్పదు.

ఎక్కువగా అడిగే ప్రశ్నలు

కొత్త మిషన్‌కు మొదట్లో ఆయిల్ ఎక్కువ పోయాలా?
కంపెనీ చెబితేనే. కొన్ని చిన్న కంపెనీలు మొదటి ట్యాంకులకు ఎక్కువ ఆయిల్ చెబుతాయి. స్టిల్ అయితే ఆయిల్ పెంచమనదు, మొదటి మూడు ట్యాంకులు అయ్యేవరకు ఖాళీగా ఫుల్ రేజ్ ఇవ్వొద్దంటుంది.

రెండు కంపెనీల ఆయిల్ కలపొచ్చా?
వద్దు. ఒకటి అయిపోయాక ఇంకోటి మొదలుపెట్టండి.

మిగిలిపోయిన పాత మిశ్రమం ఏం చేయాలి?
నెల దాటింది, వాసన మారింది, అడుగున పొర కనిపిస్తోంది అంటే మిషన్‌లో పోయకండి. చేలోనో కాలవలోనో పారబోయకండి. మెకానిక్ షాపులో ఇవ్వండి.

వానాకాలం మిషన్ మూలన పెడితే?
ట్యాంకు ఖాళీ చేసి, స్టార్ట్ చేసి దానంతట అది ఆగేవరకు నడపండి. కార్బొరేటర్‌లో పెట్రోల్ ఎండి జిగురు కాకుండా ఉంటుంది.

ఒకసారి పొరపాటున ఉత్త పెట్రోల్ పోసి నడిపేశాం. ఏం చేయాలి?
వెంటనే ఆపండి. ట్యాంకు ఖాళీ చేసి సరైన మిశ్రమం పోయండి. స్టార్ట్ చేసే ముందు ప్లగ్గు తీసి తాడు నెమ్మదిగా లాగి చూడండి. బరువుగా, గీరుకుంటున్నట్టు అనిపిస్తే బలవంతంగా లాగకుండా మెకానిక్‌కు చూపించండి. గీతలు చిన్నవిగా ఉన్నప్పుడే చూపిస్తే సిలిండర్ మిగిలే అవకాశం ఉంది.

మొత్తంగా చెప్పాలంటే మూడే విషయాలు. మిషన్ మీద రాసిన నిష్పత్తి చూడండి, డబ్బా మీద గ్రేడ్ చూడండి, సిరంజితో కొలవండి. ఈ సమాచారం సాధారణ అవగాహన కోసం. మీ మోడల్ మాన్యువల్‌లో వేరేలా ఉంటే దాన్నే పాటించండి. మీ ఊళ్లో చైన్ సా వాడేవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకూ ఇది షేర్ చేయండి.